స్ట్రమ్మింగ్‌లో మూడో బీట్ దగ్గర చెయ్యి ఆగిపోతోంది, మీకెలా కుదిరింది?

కొత్తతీగలు:
గిటార్ మొదలుపెట్టి నాలుగు నెలలైంది. కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేవి) ఫర్వాలేదు గానీ డౌన్, డౌన్ అప్, అప్ డౌన్ అప్ అనే స్ట్రమ్మింగ్ ప్యాటర్న్ (చెయ్యి కిందకీ పైకీ ఊపుతూ తీగలు మీటే వరస) మాత్రం కుంటుతోంది. మొదటి అప్ కొట్టాక చెయ్యి తీగల పైనే నిలబడిపోతుంది. మళ్ళీ అప్ కొట్టాలంటే కిందకి ఎప్పుడు దిగాలో తెలియదు. నోటితో లెక్కపెడితే చెయ్యి తప్పుతుంది, చేతిని చూసుకుంటే లెక్క పోతుంది. మీరెలా దాటారు?

రాత్రిసాధన:
నేనూ సరిగ్గా అక్కడే రెండు వారాలు ఇరుక్కున్నానండి. దాన్ని ఆరు దెబ్బలుగా గుర్తుపెట్టుకోవడంలోనే ఉంది చిక్కు. బార్‌కి, అంటే తాళం ఒక చుట్టుకి, నాలుగు బీట్లు, ఒక్కో బీట్ రెండు భాగాలు, మొత్తం ఎనిమిది. చెయ్యి ఎనిమిదిసార్లూ కదలాల్సిందే. అంకె పలికినప్పుడు కిందకి, ‘అండ్’ అన్నప్పుడు పైకి. మీ ప్యాటర్న్‌లో తీగలకు తగలనివి రెండే: వన్ తర్వాతి అండ్, ఇంకా త్రీ. త్రీ దగ్గర చెయ్యి మామూలుగానే దిగుతుంది, పిక్ (తీగలు మీటే చిన్న పలక) మాత్రం గాల్లో పోతుంది.

ఎడమచేత్తో తీగలన్నీ తేలిగ్గా మూసి, ‘చిక్ చిక్’ మనేలా ఎనిమిదీ కొట్టండి. కాసేపయ్యాక త్రీ ఒక్కటే వదిలేయండి. అది కుదిరాకే వన్ తర్వాతి అండ్. అప్పటిదాకా కార్డ్ జోలికి పోవద్దు.

నెమ్మదినడక:
మెట్రోనోమ్ (క్లిక్‌లతో లయ చూపే పరికరం) గురించి ఒక మాట. మెల్లగా వాయించడం తేలిక అనుకుంటాం. 60 దగ్గర (నిమిషానికి 60 క్లిక్‌లు) సెకనుకో క్లిక్, ఆ ఖాళీలో నా ‘అండ్’ ఎప్పుడూ ముందుకి జరిగిపోయేది. అందుకని 120 పెట్టి, అంకెకో క్లిక్, అండ్‌కో క్లిక్ వింటూ వాయించాను. చెవికి అలవాటయ్యాక 60కి మార్చి, మధ్యది నేనే నింపుకున్నా. చేతి వేగం రెండింటిలోనూ ఒకటే.

తకధిమి:
బీట్‌ని నాలుగు భాగాలు చేసినప్పుడు జాగ్రత్తండీ. బార్‌కి ఎనిమిది భాగాలున్నప్పుడు పైకి కొట్టిన ‘అండ్’ పదహారు భాగాలైతే డౌన్ అవుతుంది. నన్ను బాగా ఏడిపించింది ఇదే. ‘వన్ ఈ అండ్ అ’ అనడానికి నోరు తిరగక త-క-ధి-మి అనుకున్నాను. త, ధి కిందకి. క, మి పైకి.

మూడు భాగాలకు తకిట. కింద, పైన, కింద అయ్యేసరికి తర్వాతి బీట్ అప్‌తో మొదలవుతుంది. అలా కాకుండా ప్రతి ‘త’నీ డౌన్‌గానే కొట్టొచ్చు, కాకపోతే ‘ట’ అయిన వెంటనే చెయ్యి చప్పున పైకి తెచ్చుకోవాలి. నెమ్మది పాటల్లో నాకు రెండోదే ఇష్టం, బీట్ బరువుగా పడుతుంది.

కొత్తతీగలు:
మూడు రోజులు మూసిన తీగల మీదే కొట్టి, ఫోన్‌లో రికార్డ్ చేసి విన్నాను. త్రీ దగ్గర ఆగడం లేదు! చాలా సంతోషంగా ఉంది. కానీ ఇప్పుడు జీ కార్డ్ నుంచి సీ కార్డ్‌కి మారేటప్పుడు ఫోర్ తర్వాతి అండ్ మింగేస్తున్నాను.

రాత్రిసాధన:
ఆ అండ్ దగ్గర ఎడమచేతి వేళ్ళు ముందే ఎత్తేయండి, ఖాళీ తీగలే మోగనివ్వండి. అప్‌కి సన్న తీగలు రెండు మూడు తగిలితే చాలు. వన్‌కి సీలో ఒక వేలు ఇంకా దిగకపోయినా ఫర్వాలేదు, కుడిచెయ్యి మాత్రం దానికోసం ఆగకూడదు.