'స్ప్లిట్ సెకండ్' గేమ్‌ల ముందున్నోనికి శిక్షా? పోటీకి పెట్టొచ్చా, వద్దా?

హన్మకొండ_ప్యాడ్:
దసరా సెలవులల్ల నయీంనగర్ దిక్కు గేమింగ్ సెంటర్ల రేసింగ్ పోటీ పెడదామని మాట నడుస్తున్నది. లిస్టుల స్ప్లిట్ సెకండ్ పేరు రాంగనే రెండు జట్లైనయి. తెల్వనోళ్ల కోసం కొంచెం చెప్త. 2010 మే నెలల వచ్చిన గేమ్. ఇంగ్లండుల బ్రైటన్‌ల ఉన్న బ్లాక్ రాక్ స్టూడియో తయారు చేసింది, డిస్నీ విడుదల చేసింది. పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360, పీసీ మూడిట్ల ఉన్నది. టీవీ షో కోసం కూల్చనీకే కట్టినట్టున్న ఊరు, అందుల 8 కార్ల రేసు. డ్రిఫ్ట్ కొట్టి (మలుపుల కారును పక్కకు జారించి), ముందు కారు వెనకనే అంటుకొని డ్రాఫ్టింగ్ చేసి, జంపులు చేసి మీటర్ నింపుకోవాలె. మీటర్ల మూడు గడులు. ఒక గడి ఖర్చు పెడితే నీలి పవర్‌ప్లే: హెలికాప్టర్ బాంబు వేస్తది, రోడ్డు పక్కన ఆపిన బండి పేలుతది. మూడు గడులు నిండితే ఎర్రది: పెద్ద కట్టడం కూలుతది, కొన్ని చోట్ల తొవ్వనే మారిపోతది.

అడిగేది ఒక్కటే. ఇందుల గెలుపు నేర్పా, నసీబా? నసీబే అయితే ఎంట్రీ ఫీజు తీసుకొని పోటీ పెట్టుడు న్యాయం కాదు.

కాజీపేట_జంక్షన్:
పెట్టొద్దు. కారణం సూటిగ చెప్త. మొదటి స్థానంల ఉన్నోనికి కొట్టనీకి ఎవ్వడూ ఉండడు. పవర్‌ప్లే గుర్తు ముందున్న కారు మీదనే వస్తది, ముందు ఎవ్వడూ లేకుంటే గుర్తు రాదు. వెనక ఉన్న ఏడుగురికి మాత్రం వాడే గురి. పైంగ ముందున్నోనికి డ్రాఫ్టింగ్ కూడా పోతది, మీటర్ నింపుకునే ముఖ్యమైన మూడు తొవ్వలల్ల ఒకటి మూసుకపోయినట్టే.

ఇగ కంప్యూటర్ నడిపే కార్లు. నువ్వు ఎంత ముందుకు పోయినా రబ్బరు కట్టి గుంజినట్టు వచ్చి అంటుకుంటయి. తొలి రెండు ల్యాప్‌లు తప్పులేకుండ నడిపినోడు ఆఖరి ల్యాప్‌ల ఒక్క పేలుడుకు నాలుగో స్థానానికి పోతడు. అందుకే బాగ ఆడేటోళ్లు కావాలనే మూడో స్థానంల ఉండి, ఆఖరి ల్యాప్‌ల సగం దాటినంక మీటర్ ఖాళీ చేస్తరు. గెలవాలంటే వెనక ఉండాలె అనే గేమ్‌ను రేసు పోటీకి ఎట్ల పెడ్తరు? బ్లర్ అనే రేసింగ్ గేమ్ పెట్టండి. అది కూడా 2010 మే నెలదే, లివర్‌పూల్‌ల బిజార్ క్రియేషన్స్ చేసింది. ఆయుధాలు రోడ్డు మీద కండ్లకు కనిపిస్తయి, ఎవడు ముందు తీస్కుంటే వానివే.

రామప్ప_లైన్:
జంక్షన్ అన్న చెప్పిన దాంట్ల సగం నిజం. ముందున్నోనికి గురి ఉండదు, నిజమే. కని మీటర్ దండుగ కాదు. కొన్ని నీలి పవర్‌ప్లేలు కార్లను కొట్టనీకి కాదు, షార్ట్‌కట్ గేటు తెరవనీకి ఉంటయి. అవి ముందున్నోనికి కూడా పనికొస్తయి, ఒక గడి చాలు.

ఇంకోటి చానా మంది చూడనిది. ముందున్నప్పుడు డ్రిఫ్ట్‌లతోని, జంపులతోని మూడు గడులు నింపుకొని పెట్టుకోవాలె. నిన్ను దాటినోడు దాటంగనే గురిలకు వస్తడు, నీ మీటర్ నిండుగ ఉన్నది. వాడు నిన్ను కొట్టనీకి ఖర్చు పెట్టి ఖాళీ చేతులతోని ముందుకు వచ్చిండు. ఆ పది సెకన్లల్ల బలం నీదే. ముందు పోతున్నమని మురిసి మూల మలుపుల డ్రిఫ్ట్ మానేసి సక్కగ నడిపేటోళ్లే దెబ్బ తింటరు.

పేలుడు తప్పించుకునుడు గురించి చెప్త, అసలు నేర్పు ఆడనే ఉన్నది. ప్రతి పవర్‌ప్లేకు ట్రాక్ మీద జాగ ఖాయం. హెలికాప్టర్ ఇయ్యాల ఈడ, రేపు ఆడ బాంబు వేయదు. కాబట్టి జాగ తెలిసినోడు అది రాకముందే కారు పోయే లైన్ మార్చి ఉంటడు. ఎయిర్‌పోర్ట్ ట్రాక్ చూడండి. రన్‌వే మీద విమానం కూలుకుంట ఎదురుగ వస్తది. కొత్తోడు చేసే తప్పు బ్రేక్ కొట్టుడు. బ్రేక్ కొడితే కారు నెమ్మదైతది, రాలుతున్న ముక్కల నడుమ ఎక్కువ సేపు ఉండాల్సొస్తది. రెండో తప్పు ఆఖరి క్షణంల స్టీరింగ్ పూర్తిగ తిప్పుడు. కారు అడ్డం తిరిగి పక్కగ తగుల్తది. రన్‌వే మీదికి ఎక్కంగనే ఖాళీ పక్క చూసుకొని, యాక్సిలరేటర్ వదలకుండ స్టీరింగ్ చిన్న చిన్నగ జరుపుకుంట పోవాలె. పేలుడును అంగుళం తేడాతోని తప్పించుకుంటే మీటర్ల కొంత నిండుతది కూడా. కొట్టినోనికి ఖర్చు, తప్పించుకున్నోనికి జమ. దీన్ని నసీబు అనుడు అన్యాయం.

కరీంనగర్_కంట్రోలర్:
ఇక్కడ రెండు విషయాలు కలిసిపోయాయి, విడదీస్తే మంచిది. ఒకటి పేలుళ్లు, రెండోది కంప్యూటర్ కార్లు అంటుకుని రావడం.

ఈ గేమ్‌లో నైట్రో (నొక్కితే వేగం పెంచే బూస్ట్) లేదు. బర్నౌట్ లాంటి రేసింగ్ గేమ్‌లలో వెనకబడితే బూస్ట్ నొక్కి అందుకోవచ్చు. ఇక్కడ ఆ దారి లేదు కాబట్టి వెనకబడ్డవాడికి పవర్‌ప్లేనే దిక్కు. అది గేమ్‌కు వెన్నెముక, తీసేస్తే మిగిలేది మామూలు రేసు. కానీ పవర్‌ప్లే గుర్తు రావాలంటే ఎదుటి కారు ఆ చోటి దగ్గర్లో, మీకు అందేంత దూరంలో ఉండాలి. అంటే కార్లన్నీ గుంపుగా ఉంటేనే పేలుళ్లకు అర్థం ఉంటుంది. కంప్యూటర్ కార్లు విడిపోకుండా అంటుకుని రావడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. ఒంటరి ఆటగాడికి ఇది ఉత్సాహమే. పోటీలో మాత్రం సమస్య, ఎందుకంటే ఎవరి నేర్పు ఎంతో తేడా చూపించాల్సిన దూరాన్ని అది మింగేస్తుంది.

మారియో కార్ట్ అనే రేసింగ్ గేమ్‌తో పోల్చి చూడండి. 1996లో మారియో కార్ట్ 64తో వచ్చిన నీలి గుల్ల (బ్లూ షెల్) అనే ఆయుధం మొదటివాడినే వెతుక్కుంటూ వెళుతుంది, వాడికి తప్పించుకునే దారి దాదాపు లేదు. స్ప్లిట్ సెకండ్‌లో ఏ దెబ్బా మిమ్మల్ని వెంబడించదు, ఉన్న చోటే పేలుతుంది. ఈ తేడా చిన్నది కాదు. అందుకే నేను పేలుళ్ల పక్షం, అంటుకుని వచ్చే కార్లకు వ్యతిరేకం.

కాజీపేట_జంక్షన్:
కంట్రోలర్ గారూ, మీ మాట ఒప్పుకున్నా నా ప్రశ్న అట్లనే ఉన్నది. స్ప్లిట్ స్క్రీన్‌ల, అంటే ఒకే టీవీ తెరను రెండు సగాలు చేసి, ఇద్దరే ఎదురెదురు ఆడ్తరు అనుకోండి. లెక్క వాళ్లిద్దరి మధ్యనే. అప్పుడు ముందున్నోని పరిస్థితి ఇంకా ఖరాబ్. వెనకోని గురి అంతా ఒక్కని మీదనే.

జాగ ఖాయమంటే ట్రాక్ తెలిసినోనికే లాభం. ఆ రోజు మొదటిసారి ప్యాడ్ పట్టుకునే పిలగాడు ఏం చెయ్యాలె?

రామప్ప_లైన్:
ట్రాక్ తెలిసినోడు గెలుసుడే పోటీ అన్నా. కొత్తోళ్ల కోసం ట్రాక్‌ల పేర్లు వారం ముందే చెప్పి, సెంటర్ల ప్రాక్టీస్‌కు టైం ఇయ్యాలె.

ఇద్దరి ఆటల వెనకోనికి గురి దొరకాలంటే దగ్గర ఉండాలె. దూరం పెరిగితే గుర్తే రాదు. ముందున్నోని ఆయుధం దూరం. వెనకోని ఆయుధం మీటర్. దాన్ని ఎట్ల ఖర్చు పెడ్తరనే దాంట్లనే ఆట తెలుస్తది.

చానా మంది మూడు గడులు నిండేదాక ఆగి ఎర్రది కొట్టాలె అనుకుంటరు, చూడనీకి బాగుంటది కాబట్టి. ఇద్దరి ఆటల అది తక్కువ సార్లే లాభం. ఎందుకంటరా? ఎర్రవి ట్రాక్ మీద కొన్ని చోట్లనే ఉంటయి, ఆ చోటు తప్పితే మళ్ల వచ్చేదాక మీటర్ నిండి ఊకనే ఉంటది. నిండినంక ఎంత డ్రిఫ్ట్ కొట్టినా జమ కాదు, అదంతా నష్టమే. నీలివి చానా చోట్ల ఉంటయి. ఎదుటోడు ఒకదాన్ని తప్పించుకొని లైన్ చెడగొట్టుకున్నప్పుడు రెండోది వెంటనే కొట్టాలె. తొలిది కారును తాకకున్నా వాన్ని గోడ దిక్కు జరుపుతది, రెండోదానికి తప్పించుకునే జాగ ఉండదు. 8 కార్ల రేసుల గుంపు నీ ముందున్నప్పుడు మాత్రం ఎర్రదే మేలు, ఒక్క దెబ్బకు నలుగురు పోతరు.

కొట్టే క్షణం కూడా ముఖ్యం. గుర్తు కనిపించంగనే నొక్కుడు తొందరపాటు. గుర్తు వచ్చినంక ఎదుటి కారు పేలే వస్తువు పక్కకు చేరేదాక ఆగాలె. మరీ ఆగితే గుర్తు పోతది. ఇంకోటి, నువ్వు వాని వెనకనే ఉంటవు కాబట్టి రాలిన ముక్కలు నీ తొవ్వల కూడా పడ్తయి. కొట్టంగనే లైన్ పక్కకు జరగాలె. తను పేల్చినదాంట్ల తనే తగిలేటోళ్లు తక్కువేం లేరు.

గోదావరిఖని_టర్బో:
నేర్పు, నసీబు సంగతి మీరు తేల్చుకోండి. సెట్టింగ్ సరిగ లేకుంటే రెండూ ఉండయి.

టీవీల గేమ్ మోడ్ ఆన్ చెయ్యాలె. అది ఆఫ్ ఉంటే బొమ్మను మెరుగు చేసే పనులన్నీ కలిసి ఆలస్యం పెంచుతయి. ఆ ఆలస్యం 100 మిల్లీసెకన్లు అనుకోండి. 200 కిలోమీటర్ల వేగంల కారు సెకనుకు 55 మీటర్లు పోతది. అంటే నువ్వు చూసే బొమ్మకు, కారు నిజంగ ఉన్న చోటుకు 5 మీటర్లకు పైన తేడా. పేలే బస్సు తప్పుడు, తాకుడు ఆ 5 మీటర్లల్లనే తేలుతది. అన్ని టీవీలు ఒకే మోడల్ లేకుంటే సెమీస్, ఫైనల్ ఒకే టీవీ మీద పెట్టండి.

పీసీ వెర్షన్ సెకనుకు 30 ఫ్రేములకు లాక్ అయి వస్తది. దాన్ని తీసేసి 60 చేసుకున్న సిస్టమ్, తీయని సిస్టమ్ పక్కపక్కన పెట్టి పోటీ నడపొద్దు, చేతికి ఒకటే తీరుగ రాదు. అన్నీ 30 మీదనే ఉంచుండ్రి.

స్ప్లిట్ స్క్రీన్‌కు ఈ గేమ్ మంచిదే. స్థానం, ల్యాప్, మీటర్ అన్నీ కారు వెనక బంపర్ కిందనే కనిపిస్తయి, మూలలకు చూడాల్సిన పని లేదు. సగం తెరల కూడా చదవొచ్చు.

పాత పీఎస్3, 360 అయితే ముందురోజు గాలి రంధ్రాల దుమ్ము ఊదించండి, టీవీ స్టాండ్ లోపలి అరల పెట్టొద్దు. తొలి తరం పీఎస్3 ఆడేటప్పుడు 200 వాట్ల దగ్గర తాగుతది. 32 అంగుళాల ఎల్ఈడీ టీవీ ఇంకో 50, 60. 600 వీఏ యూపీఎస్ ఈ రెండింటినీ కొన్ని నిమిషాలు మోస్తది, అంతే. ఒక రేసు పూర్తి చేసుకోనీకి సరిపోతది. కరెంటు పోయి రేసు ఆగితే ఆ రేసు మొత్తం మళ్ల ఆడాలె అని ముందే రాసి పెట్టండి, మధ్యలో ఎవడు ముందున్నడనే లొల్లి వద్దు.

మంచిర్యాల_గేర్:
ఎలిమినేషన్ మోడ్ మాత్రం వద్దు. టైం అయిపోంగనే ఆఖరి కారు పేలిపోతది. సర్వైవల్ కూడా పోటీకి సాగదు. ట్రక్కులు డ్రమ్ములు పారేస్తయి, నీలివి తగిలితే దెబ్బ, ఎర్రవి తగిలితే అక్కడికక్కడే ఫట్. ట్రక్కును దాటితే టైం కలుస్తది. బాగ ఆడేటోడు కూసుంటే వరుసల నిలబడ్డోళ్లు అలిసిపోతరు.

డిటోనేటర్ ఎందుకు ఆలోచిస్తలేరు? ఒక్కడే కారు, ఒక్కటే ల్యాప్, ట్రాక్ మీద పేలేవన్నీ వాని మీదికే. టైం ఎవనిది తక్కువైతే వాడు ముందు. కంప్యూటర్ కార్లు లేవు, అంటుకొని వచ్చుడు లేదు.

కరీంనగర్_కంట్రోలర్:
గేర్ చెప్పింది చాలా మంచి దారి. దీనికి రెండు జాగ్రత్తలు. అందరికీ ఒకే సేవ్ ఫైల్ (ఆట ఎంతవరకు ఆడామో దాచే ఫైల్), ఒకే కారు ఉండాలి. కార్లు సీజన్, అంటే ఎపిసోడ్‌ల వరుసగా ఉండే ఒంటరి ఆట, ఆడుతుంటే తెరుచుకుంటాయి. ఒకరి సేవ్‌లో మొదటి ఎపిసోడ్ కారు, ఇంకొకరిదాంట్లో చివరి ఎపిసోడ్ కారు ఉంటే టైంలకు అర్థం లేదు. సీజన్‌లో 12 ఎపిసోడ్‌లు ఉన్నాయి, మధ్యదాకా ఆడిన సేవ్ ఒకటి సిద్ధం చేసుకుంటే చాలు. కారు ఎంచేటప్పుడు వేగం ఒక్కటే చూడకండి, బలం కూడా చూడండి. బలం తక్కువ కారు పక్కన పేలిన ఊపుకే లైన్ తప్పుతుంది, కొత్తవాళ్లు దానితో ఒక్క ల్యాప్ కూడా నిలబడలేరు.

కాజీపేట_జంక్షన్:
డిటోనేటర్‌తోని వడపోతకు నేను ఒప్పుకుంట. అందుల కొట్టేటోడు లేడు, తప్పించుకునుడే ఉన్నది, అందరికీ ఒక్కటే న్యాయం. ఫైనల్ కూడా దాంతోనే తేల్చుండ్రి. ఎదురెదురు రేసు ఎందుకు?

రామప్ప_లైన్:
ఎదురెదురు లేకుంటే ఈ గేమ్ పెట్టి ఫాయిదా ఏంది అన్నా? గడి ఖర్చు పెట్టుడు, దాచుకునుడు, ఎదుటోన్ని గోడకు జరుపుడు, ఇవన్నీ ఆడనే కనిపిస్తయి. ఒక్క రేసుతోని కాదు, మూడు రేసులు పెట్టాలె. మూడు వేర్వేరు ట్రాక్‌లు, రెండు గెలిసినోడు విజేత. ఒక్క రేసుల ఒక్క పేలుడు తారుమారు చేస్తది, మూడిట్ల రెండు గెల్వాలంటే చెయ్యి ఉండాలె. రేసు రేసుకు పై తెర, కింది తెర మార్చుకోవాలె.

కాజీపేట_జంక్షన్:
తొవ్వ మార్చే ఎర్రదాని సంగతి? అది ఒక్కసారి కొడితే ఆ రేసు అయ్యేదాక కొత్త తొవ్వే. మూడో రేసుల, ఆఖరి ల్యాప్‌ల వెనకోడు అది కొట్టిండు, ముందున్నోడు ఆ కొత్త తొవ్వ ఎన్నడూ చూడలేదు. ఇది నాకు ఇంకా మింగుడు పడ్తలేదు.

రామప్ప_లైన్:
ప్రాక్టీస్ వారంల ఆ మూడు ట్రాక్‌లల్ల రెండు తొవ్వలూ అందరితోని నడిపించాలె. అది నిర్వాహకుల బాధ్యత, నేను గట్టిగ చెప్తున్న.

హన్మకొండ_ప్యాడ్:
అయితే ఇట్ల రాస్తున్న, అభ్యంతరం ఉంటే ఆదివారం లోపల చెప్పండి. వడపోత డిటోనేటర్: ఒకే సేవ్, ఒకే కారు, తలా రెండు ల్యాప్‌లు, మంచి టైం లెక్క. తొలి నలుగురికి స్ప్లిట్ స్క్రీన్, మూడిట్ల రెండు. ట్రాక్‌లు వారం ముందు బోర్డు మీద, తొవ్వ మారే ట్రాక్ అయితే రెండు తొవ్వలూ ప్రాక్టీస్‌ల తప్పనిసరి. సెమీస్, ఫైనల్ ఒకే టీవీ, గేమ్ మోడ్ ఆన్. కరెంటు పోతే రేసు మళ్ల. జంక్షన్ అన్న, మూడో ట్రాక్ ఏది పెట్టాలెనో నువ్వే చెప్పు, తొవ్వ మారనిది ఉంటే అదే పెడ్త.