డిగ్రీ అయ్యాక ఏ దారిలో వెళ్లాలో తేలడం లేదు, మీకెలా తేలింది?

అందరికీ నమస్కారం. కెమిస్ట్రీలో డిగ్రీ అయిపోయి ఏడాది దాటింది. చదువుకున్నన్నాళ్లూ "స్టూడెంట్‌ని" అంటే సరిపోయేది. ఇప్పుడు ఏ అప్లికేషన్ నింపుతున్నా "వృత్తి" అనే గడి దగ్గర చెయ్యి ఆగిపోతోంది.

నా ల్యాప్‌టాప్‌లో మూడు రెజ్యూమేలున్నాయి. ఒకదాంట్లో ల్యాబ్ అనలిస్ట్ కావాలనుకునే మనిషిని, ఇంకోదాంట్లో టీచర్ని, మూడోదాంట్లో సైన్స్ విషయాలు రాసే కంటెంట్ రైటర్ని. దేంట్లోనూ అబద్ధం లేదు. కానీ వరసగా చదివితే ముగ్గురు వేరే వేరే మనుషుల్లా ఉన్నారు. ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అనగానే ఎవరి గురించి చెప్పాలో తోచక తడబడుతున్నా.

జేమ్స్ మార్సియా అనే సైకాలజిస్టు 1966లోనే దీని గురించి రాశారు. వెతుకుతూ ఇంకా ఏదీ ఖాయం చేసుకోకపోవడం ఒక స్థితి, అసలు వెతక్కుండానే పెద్దవాళ్లు చెప్పినదాన్ని ఖాయం చేసుకోవడం ఇంకొకటి. చదివాక కాస్త ఊరట కలిగింది గానీ, నాది నిజంగా వెతకడమో, ఊరికే వాయిదా వేయడమో నాకే అనుమానం. ఇంట్లోవాళ్లు పీజీలో చేరమంటున్నారు. చేరితే మళ్లీ కొన్నాళ్లు ఎవరూ ఏమీ అడగరు. నా టెన్షన్ కూడా అదే.

నచ్చుతుందో లేదో తెలియకుండానే మొదటి ఉద్యోగంలో చేరినవాళ్లు, అది మీకు సరిపడుతుందని ఎన్నాళ్లకి అర్థమైంది? లైన్ మారినప్పుడు ఆ అనుభవం పనికొచ్చిందా, అడ్డొచ్చిందా? "నీ మనసు చెప్పింది చెయ్" అని మాత్రం అనకండి, అది రోజుకొకటి చెప్తోంది. ల్యాబ్‌లో పనిచేసేవాళ్లెవరైనా ఉంటే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారో రెండు ముక్కలు రాసినా చాలు.