జిన్నా టవర్ పేరు మార్చాలా, ఉంచాలా?

కొత్తపేట వాసి:
గుంటూరులో ఈ మాట మళ్లీ మొదలైంది కాబట్టి రాస్తున్నాను. నా మటుకు పేరు మార్చొద్దు, కింద చరిత్ర రాసిన బోర్డు పెట్టాలి. మహాత్మాగాంధీ రోడ్డు మీద ఆరు స్తంభాలెత్తి పైన గుమ్మటం నిలిపిన ఈ టవర్ 1940ల నాటిది. అప్పటికి పాకిస్తాన్ పుట్టలేదు. నడింపల్లి నరసింహారావు, తెల్లాకుల జాలయ్య మున్సిపల్ చైర్మన్లుగా ఉండగా హిందూ ముస్లింల సఖ్యతకు గుర్తుగా కట్టించారని చెబుతారు. బయటివాళ్లెవరో వచ్చి కట్టిపోయింది కాదు. ఇంకో మాట. బ్రాడీపేట, అరండల్‌పేట తెల్లదొరల పేర్లే. వాటి జోలికి ఎవరూ పోరేం?

అరండల్‌పేట 6వ లైను:
మీ సఖ్యత దగ్గరే నాకు పేచీ. 1916లో కాంగ్రెస్‌కు, ముస్లిం లీగ్‌కు మధ్య లక్నో ఒప్పందం కుదిర్చిన జిన్నాకు గుర్తుగా ఆనాడే కట్టి ఉంటే నేను నోరెత్తను. ఈ టవర్ నాటికి లాహోర్ తీర్మానం అయిపోయింది. 1940 మార్చిలో ముస్లిం లీగ్ వేరు రాజ్యాలు కావాలని తేల్చి చెప్పింది. 1946 ఆగస్టు 16న ప్రత్యక్ష చర్యకు పిలుపిచ్చిందీ ఆ లీగే, దాని నాయకుడు జిన్నాయే. ఆ రోజు మొదలైన మత కల్లోలాల్లో కలకత్తాలో వేలమంది చచ్చిపోయారు. బ్రాడీ దొర దేశాన్ని ముక్కలు చెయ్యమనలేదు కదండీ! కుల వివక్షను పద్యంతో ఎదిరించిన జాషువా గారు 1971లో కన్నుమూసింది ఈ గుంటూరులోనే. ఆయన పేరు పెట్టుకోవడానికి ఏం అడ్డం?

కొత్తపేట వాసి:
జాషువా గారి పేరు ఊళ్లో ఇంకెంత పెద్ద చోట పెట్టినా నాకు సంతోషమే. మీరు చెప్పిన తేదీలన్నీ బోర్డు మీద ఉండాల్సిందే, దాయమని నేను అనడం లేదు. లాహోర్ తీర్మానం తర్వాత కూడా మన ఊరి పెద్దలు ఈ పేరు పెట్టారంటే దేశం విడిపోతుందని వాళ్లు నమ్మలేదనే నేననుకుంటాను. పేరు తీసేస్తే ఆ సంగతే తెలియకుండా పోతుంది.

నాజ్ సెంటర్ చెల్లెలు:
అన్నలూ, నేను రోజూ టవర్ పక్కనుంచే డ్యూటీకి వెళ్తాను. 2022 జనవరి 26న కొందరు అక్కడ జెండా ఎగరేయబోతే పోలీసులు అడ్డుకున్నారు. ఫిబ్రవరి మొదట్లోనే స్తంభాల నుంచి గుమ్మటం దాకా మూడు రంగులు వేశారు, 3వ తేదీన అధికారికంగా జెండా ఎగరేశారు. ఆ వారమంతా మా ఇంట్లో టెన్షనే. మా తాతలు విభజనప్పుడు ఇక్కడే ఉండిపోయారు, జిన్నా పిలిచినా పోలేదు. మాకు ఆయన మీద ప్రేమేమీ లేదు. కానీ పేరు ఉంచమని మేమంటే మా దేశభక్తి మీద ప్రశ్న వస్తుంది, అందుకే మావాళ్లు ఇలాంటి చర్చల్లో మాట్లాడరు. మారిస్తే మార్చండి, మమ్మల్ని అడిగి మార్చండి.

అరండల్‌పేట 6వ లైను:
అమ్మా, మీ దేశభక్తిని అనుమానించేవాళ్లతో నాకు సంబంధం లేదు. మీ తాతగారు జిన్నాను కాదన్నారు, నేనూ ఆయన్నే కాదంటున్నాను. పేరు మారాలన్న మాట మీదే ఉంటాను. అది జరిగేదాకా బోర్డుకు ఒప్పుకుంటాను, 1946 కలకత్తా సంగతి అందులో ఉంటేనే.

కొత్తపేట వాసి:
ఉండాలి. దాంతోపాటు ఈ చెల్లెలి తాతగారిలాగా ఇక్కడే ఉండిపోయిన గుంటూరు ముస్లింల సంగతి కూడా రాయాలి. తెలుగులో, ఉర్దూలో రెండింట్లోనూ. కార్పొరేషన్‌కు అర్జీ నేను రాస్తాను, మీరిద్దరూ సంతకం పెడతారా?