షాఫ్ట్ విరిగితే మెటలర్జిస్టుతో పనేంటి?

ఫిట్టర్‌బాబు:
మా దగ్గర ఒక పంపు షాఫ్ట్ మూడు నెలల్లో రెండుసార్లు విరిగింది. మెకానికల్ వాళ్లు చూసి "మెటలర్జిస్టుకు చూపిద్దాం" అన్నారు. నాకు తెలిసి మెటలర్జీ అంటే గనిలోంచి వచ్చిన రాయిలోంచి లోహం తీయడం. భర్జనం, ప్రగలనం అని బడిలో బట్టీ పట్టిందే గుర్తు. తయారైపోయిన షాఫ్టుతో ఆయనకేం పని? గని దగ్గర పనిచేసేవాళ్లూ ఈయనా ఒకటేనా?

పదాలపిచ్చి:
చదువు ఒకటే, కొలువులు వేరు. గ్రీకులో మెటాలన్ అంటే మొదట గని అనే అర్థం, తర్వాతే లోహం. కాబట్టి మీ అనుమానం మరీ తప్పేం కాదు :)

నురుగుమనిషి:
నేను తొమ్మిదేళ్లు రాగి ప్లాంటులో, ఆ తర్వాత హీట్ ట్రీట్‌మెంట్ షాపులో చేశాను. రెండు వైపులా చూశాను కాబట్టి చెబుతున్నా.

రాయిలో రాగి 0.6 శాతం ఉందనుకోండి. టన్నుకు 6 కిలోలే. మిగతా 994 కిలోలను కరిగించుకుంటూ కూర్చుంటే ఏ కంపెనీ అయినా దివాలా తీస్తుంది. అందుకే ముందు బాల్ మిల్లులో పిండిలా నూరి, నీళ్లలో కలిపి, శాంతేట్ అనే రసాయనం వేస్తాం. దాంతో రాగి ఖనిజం రేణువులకు నీళ్లంటే పడదు. కింది నుంచి గాలి వదిలితే బుడగలకు అంటుకుని నురుగుతో పాటు పైకి వస్తాయి, రాతిపొడి అడుగునే ఉంటుంది. ఆ నురుగును ఆరబెడితే 25 శాతం దాకా రాగి ఉన్న సాంద్రిత ఖనిజం. కొలిమికి పోయేది అదే.

చెప్పినంత తేలిక కాదు లెండి. తక్కువ నూరితే రాగి రాతిలోనే ఇరుక్కుని వ్యర్థాల్లోకి పోతుంది. ఎక్కువ నూరితే మరీ సన్నని బురదై బుడగకు అంటదు, కరెంటు ఖర్చు దండగ. నైట్ షిఫ్టులో నురుగు రంగు మారితే నాకు టెన్షన్ మొదలయ్యేది. ల్యాబు రిపోర్టు వచ్చేలోగా ఎన్ని టన్నులు పోతాయో!

ఏది ఖనిజం, ఏది చెత్త అన్నది ఈ పనిమీదే ఆధారపడుతుంది. ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్‌లో సీసం, వెండి తీసుకుని, జింక్ ఉన్న వ్యర్థాన్ని గుట్టలుగా పోశారు. 1900 తర్వాత ఈ నురుగు పద్ధతి రాగానే ఆ గుట్టల్లోంచే జింక్ తీశారు. రాయి అదే, మారింది మెటలర్జీ.

ఇక మీ షాఫ్ట్. 0.4 శాతం కార్బన్ ఉన్న స్టీలును సుమారు 850 డిగ్రీలకు వేడిచేసి చటుక్కున చల్లారిస్తే బాగా గట్టిపడుతుంది, పెళుసూ అవుతుంది. మళ్లీ 550-600 డిగ్రీల దాకా వేడిచేస్తే ఆ పెళుసుదనం తగ్గుతుంది, దీన్నే టెంపరింగ్ అంటాం. రసాయనం అదే, లోపలి నిర్మాణం వేరు. మెటలర్జిస్టు చిన్న ముక్క కోసి, అద్దంలా పాలిష్ చేసి, ఆల్కహాల్ కలిపిన నైట్రిక్ ఆమ్లం రాసి మైక్రోస్కోపులో చూస్తే టెంపరింగ్ ఎగ్గొట్టారో లేదో తెలిసిపోతుంది. విరిగిన ముఖం ఎలా ఉంది?

ఫిట్టర్‌బాబు:
కీవే, అదే కీ కూర్చోబెట్టడానికి షాఫ్టులో కోసిన గాడి, దాని మూల నుంచి ఆల్చిప్ప మీద గీతల్లా వంపులు వంపులుగా ఉంది. చివర కొంచెం మేర మాత్రం గరుకుగా ఉంది.

నురుగుమనిషి:
అయితే ఫెటీగ్, అంటే పదే పదే పడే ఒత్తిడికి లోహం అలిసిపోయి విరగడం. పగులు ఆ మూలలో పుట్టి, తిరిగే కొద్దీ మెల్లగా పాకింది. చివర మిగిలిన కాస్త భాగం బరువు ఆపలేక ఒక్కసారిగా తెగింది. ఆ గరుకు అదే. స్టీలు మంచిదే అయినా, మూల గుండ్రంగా కాకుండా పదునుగా కోసి ఉంటే ఇలాగే విరుగుతుంది. తప్పు హీట్ ట్రీట్‌మెంట్‌దా, మెషినింగ్‌దా అన్నది ముక్క చూస్తేనే తేలుతుంది. అందాకా రెండు ముక్కలనూ అతికించి చూడొద్దు, వైర్ బ్రష్ పెట్టొద్దు, గ్యాస్ కటింగ్ అసలే వద్దు. కాస్త నూనె రాసి, గుడ్డలో చుట్టి అలాగే ఇవ్వండి. మొదటిసారి విరిగిన ముక్క తుక్కులో వేసేశారా?

ఫిట్టర్‌బాబు:
వేసేశాం. రేపు పొద్దున్నే వెతుకుతా.