"మావాళ్లెవరైనా మీ దగ్గర దరఖాస్తు పెట్టారా?" అని స్నేహితుడు అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న (రాసినవారు: విభాగాధిపతి)

నేను ఒక మధ్యస్థాయి సంస్థలో ఒక విభాగాన్ని చూస్తున్నాను. ఇటీవల ప్రకటించిన ఉద్యోగానికి వచ్చిన దరఖాస్తుల్లో ఒకటి, నాకు ఇరవయ్యేళ్లుగా స్నేహితుడైన వ్యక్తి బృందంలో పనిచేస్తున్న ఒకామెది. రెజ్యూమె మొదటి పేజీలో, ఫోన్ నంబరు కిందనే, "ప్రస్తుతం పనిచేస్తున్న సంస్థకు తెలియనివ్వవద్దని మనవి" అని రాసి ఉంది. మొదటి విడత ఇంటర్వ్యూ బాగానే జరిగింది.

పోయిన వారం ఆ స్నేహితుడు మాటల మధ్యలో, తన బృందంలోని ఒకరికి రెండేళ్ల పెద్ద ప్రాజెక్టు అప్పగించబోతున్నానని, అందుకోసం ముందుగా ఖరీదైన శిక్షణకు పంపుతున్నానని చెప్పాడు. పేరు చెప్పకపోయినా ఆ వివరాలన్నీ ఆమెకే సరిపోయాయి. కాసేపయ్యాక నవ్వుతూనే, "మావాళ్లెవరూ మీ దగ్గర దరఖాస్తు పెట్టలేదు కదా?" అని అడిగాడు. నేను మాట మార్చాను. మార్చిన తీరు చూసి అతనికి అనుమానం వచ్చిందేమోనని అప్పటినుంచి మనసు కుదురుగా లేదు.

అతను నష్టపోతాడని తెలిసీ ఊరుకోవడం స్నేహధర్మమేనా? పోనీ, "ఎవరూ పెట్టలేదు" అని అబద్ధం చెప్పి ఆమెను కాపాడటం తప్పవుతుందా? ఇవి చాలవన్నట్టు, మా ఇంటర్వ్యూ ప్యానెల్‌లోని ఒకాయన, ఆ సంస్థలో తనకు తెలిసినవాళ్లున్నారనీ, ఒక్క ఫోన్ చేసి ఆమె ఎలాంటిదో కనుక్కుంటాననీ అంటున్నారు.

జవాబు 1 (రాసినవారు: హెచ్‌ఆర్‌లో పదహారేళ్లు)

ముందు ఆ ఫోన్ ఆపించండి. మిగిలిన రెండు ప్రశ్నలకూ వ్యవధి ఉంది, దానికి లేదు. "అనధికారికంగా కనుక్కోవడం" అనేది మా వృత్తిలో ఎంత మామూలైపోయిందంటే, అది తప్పని చెబితే నవ్వేవాళ్లు కూడా ఉన్నారు. అవతల ఫోన్ ఎత్తిన వ్యక్తి ఎంత నమ్మకస్తుడైనా, "ఆమె గురించి ఎందుకు అడుగుతున్నారు?" అన్న ప్రశ్న అతని మనసులో పుట్టిన క్షణానే రహస్యం బయటపడినట్టు. రిఫరెన్స్ కావాలంటే ఆమె ఇచ్చిన పేర్లనే అడగాలి. ప్రస్తుత సంస్థను అడగడం తప్పనిసరైతే, ఉద్యోగం ఇవ్వడానికి నిర్ణయం జరిగి, ఆ మాట ఆమెకు రాతపూర్వకంగా చేరి, ఆమె సరేనన్న తరువాతే అడగాలి.

ఇక స్నేహితుడి సంగతి. ఆమె దరఖాస్తు మీకు తెలిసింది ఆయన స్నేహితుడిగా కాదు, నియామకాలు చేసే అధికారిగా. ఆ సమాచారాన్ని ఆమె ఒక పని కోసం మీ చేతికిచ్చింది; మరో పనికి వాడే హక్కు మీకు రాలేదు. చట్టం దేశాన్నిబట్టి మారుతుంది కానీ, 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న ఐరోపా వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం (జీడీపీఆర్) 5వ అధికరణం ఈ మాటే చెబుతుంది: ఒక ప్రయోజనానికి సేకరించిన వ్యక్తిగత వివరాలను దానితో పొసగని మరో ప్రయోజనానికి వాడరాదు. రెజ్యూమెలో ఆ మనవి రాయకపోయినా మీ బాధ్యత ఇంతే.

నా అనుభవంలో రహస్యాలు కావాలని చెప్పేవాళ్లవల్ల బయటపడటం తక్కువ. ఒకసారి మా సమావేశపు గది తలుపు పక్కనున్న చిన్న తెర మీద అభ్యర్థి పూర్తి పేరు, "ఇంటర్వ్యూ" అన్న మాట, సమయం కనిపిస్తుండగా, ఆ అభ్యర్థి పనిచేస్తున్న సంస్థనుంచే సరుకు ఒప్పందం మాట్లాడటానికి వచ్చిన ఇద్దరు ఆ తలుపు ముందే కూర్చున్నారు. సందర్శకుల రిజిస్టరులో "ఏ సంస్థనుంచి వచ్చారు" అనే గడిని కూడా మేము ఆ తరువాతే తీసేశాం.

జవాబు 2 (రాసినవారు: తర్కం)

అబద్ధం అవసరం లేదు, మాట మార్చడమూ పనికిరాదు. ఎవరూ దరఖాస్తు పెట్టని రోజున "లేదు" అని, పెట్టిన రోజున "చెప్పలేను" అని అంటే, ఆ రెండో జవాబుకు అర్థం "అవును" అనే. కాబట్టి దరఖాస్తు ఉన్నా లేకున్నా జవాబు ఒకటే కావాలి. దీనికి ఒక పాత కథ ఉంది. మునిగిపోయిన సోవియట్ జలాంతర్గామిని పైకి తీయడానికి 1974లో వాడిన గ్లోమర్ ఎక్స్‌ప్లోరర్ అనే ఓడ గురించి ఒక విలేకరి పత్రాలు అడిగితే, అమెరికా గూఢచార సంస్థ సీఐఏ అలాంటి పత్రాలు ఉన్నాయనీ చెప్పలేదు, లేవనీ చెప్పలేదు. అలాంటి జవాబును నేటికీ "గ్లోమర్ జవాబు" అంటారు. గూఢచారులకు పనికొచ్చిన ఉపాయం ఒక ఉద్యోగినిని కాపాడటానికి పనికొస్తే నాకేం అభ్యంతరం లేదు. చిక్కల్లా, దీన్ని ముందునుంచీ పాటించి ఉండాలి. మీరు ఇదివరకు ఎప్పుడైనా "లేదు" అని ఉంటే, ఇప్పటి మౌనం గుట్టు విప్పేస్తుంది.

జవాబు 3 (రాసినవారు: ఒకప్పటి అభ్యర్థి)

నాకు జరిగింది చెబుతాను. నేను దరఖాస్తు పెట్టిన సంగతి మా మేనేజరుకు ఎవరి ద్వారానో తెలిసింది. ఆయన ఒక్క మాట కూడా అడగలేదు. సోమవారం ఉదయపు సమావేశానికి పిలుపు రావడం ఆగిపోయింది, ఆ తరువాత నా పని మరొకరికి నేర్పమన్నారు, ఏడాది చివర జీతం పెంపులో నా పేరు లేదు. అక్కడ ఆ ఉద్యోగమూ రాలేదు. కొత్త చోటు ఖాయం కాకముందే పాత చోట నిలువనీడ పోవడమంటే ఏమిటో, చెప్పినవాడికి తెలియదు. లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగం వెతుకుతున్నామని తెలిపే "ఓపెన్ టు వర్క్" గుర్తును రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా పెట్టుకోవచ్చు, మన సంస్థ రిక్రూటర్లకు కనిపించకుండా చూస్తామనీ అంటారు. కానీ పూర్తి గోప్యతకు హామీ ఇవ్వలేమని అక్కడే రాసి ఉంటుంది. యంత్రమే హామీ ఇవ్వలేని చోట, మీ ప్యానెల్ ఆయన స్నేహితుడి నోటిని నమ్ముకోమంటే ఎలా?

జవాబు 4 (రాసినవారు: రెండో వైపు)

పై ముగ్గురితో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక మాట. మీ దగ్గర ఉన్నది ఒక రహస్యం కాదు, రెండు. ఆమెకు ప్రాజెక్టు, శిక్షణ రాబోతున్నాయన్నది మీ స్నేహితుడు మిమ్మల్ని నమ్మి చెప్పిన మాట. జీతం మాట్లాడేటప్పుడు ఆ సంగతి మీ మనసులో పనిచేయకుండా ఉంటుందా? "అక్కడ మీకు పెద్ద అవకాశం రాబోతోందట" అని ఆమెకు చెప్పడమూ, చెప్పకుండానే తొందరపెట్టి సంతకం చేయించుకోవడమూ రెండూ తప్పే. ఈ చిక్కును మీ పైవాళ్లకు చెప్పి, ఆమె విషయంలో తుది నిర్ణయం మరొకరికి అప్పగించడం మేలనిపిస్తుంది. స్నేహితుడి నష్టమంటారా, అది నిజమే. కానీ బృందంలోవాళ్లు ఎందుకు వెళ్లిపోవాలనుకుంటున్నారో ఆయన కనుక్కోవలసింది మిమ్మల్ని కాదు, వాళ్లను.

ప్రశ్న రాసినవారు (మూడు రోజుల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. ప్యానెల్ ఆయన ఫోన్ చేయలేదు, కొంచెం నొచ్చుకున్నారు. జీతం, తుది నిర్ణయం మా పై అధికారికి అప్పగించాను, స్నేహితుడు చెప్పిన సంగతి ఆయనకు కూడా చెప్పలేదు, నాకు అటువైపు సంబంధం ఉందని మాత్రమే చెప్పాను. రెండో విడత ఇంటర్వ్యూ కోసం క్యాలెండర్ తెరిచి చూస్తే, ఆమె పేరు, ప్రస్తుత సంస్థ పేరుతో సహా, మా విభాగంలోని ముప్పై మందికీ కనిపించేలా ఉంది. పెట్టింది నేనే.

స్నేహితుడికి నేనే ఫోన్ చేసి, "నువ్వు ఆ రోజు అడిగినదానికి నా జవాబు ఎప్పటికీ ఒకటే: ఎవరు పెట్టినా, ఎవరూ పెట్టకపోయినా నేను చెప్పను" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "సరే, మీవాళ్లెవరు మా దగ్గరికి వచ్చారో నేనూ చెప్పను" అన్నాడు. అప్పటినుంచి మా బృందంలో ఒక్కొక్కరి మొహం చూస్తున్నాను.