మగ్గం వర్క్ చేసుకుని బతుకుతున్నా, ఇది తలాంతు పాతిపెట్టినట్టేనా?

గుంటూరు_మగ్గం:
అందరికీ వందనాలు. మాది గుంటూరు, పదకొండేళ్లుగా ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తున్నా. శ్రావణం వచ్చిందంటే పెళ్లి జాకెట్లతో ఊపిరాడదు. పోయిన శనివారం ఒక పెళ్లికూతురి జాకెట్టు, రెండు చేతులూ వెనక మెడా నిండా జర్దోసీ, రాత్రి మూడింటిదాకా ఫ్రేమ్ దగ్గరే కూర్చున్నా. సాయంత్రం చర్చిలో పాటల ప్రాక్టీసు ఎగ్గొట్టాను. ఆదివారం వెళ్లాను గానీ వాక్యం సగం కునికిపాట్లతోనే సరిపోయింది. మెలకువగా ఉన్న సగంలో మా పాస్టర్ అయ్యగారు తలాంతుల ఉపమానం చెబుతున్నారు, యజమాని ముగ్గురు దాసులకి తలాంతులు ఇచ్చి వెళ్తే ఇద్దరు వాటిని పెంచారు, ఒకడు మట్టిలో పాతిపెట్టాడు, ఆ కథ. దేవుడిచ్చిన తలాంతు, అంటే మన నేర్పు, లోకానికి వాడితే మట్టిలో పాతిపెట్టినట్టే అన్నారు. నా పేరెత్తలేదు, నా వైపు చూడనూ లేదు, అయినా అప్పటినుంచి సూది పట్టుకుంటే చాలు అదే మాట చెవిలో.

ఇంకో చిక్కుంది. మా సంఘంలో ఆడవాళ్లం నగలు పెట్టుకోం. ఆదివారం తెల్లచీర, మెడ బోసిగా వెళ్తా. అలాంటిదాన్ని రోజుకి పది గంటలు ఇంకొకళ్ల ఒంటిమీద మెరవడానికి కుడుతున్నా. ఇది రెండు నాలుకల బతుకు కాదా? పైగా ఈమధ్య జాకెట్టు వెనక వినాయకుడి బొమ్మ కావాలని అడుగుతున్నారు.

డబ్బు కోసమే అయితే ఇంత ఆలోచించేదాన్ని కాదు. నెమలి మెడ దగ్గర నీలం దారం ఆకుపచ్చలోకి మారేచోట, రెండు రంగులూ ఎక్కడ కలిశాయో తెలియకుండా కుదిరిందనుకోండి, నాలో నేనే నవ్వుకుంటా. ఆ సంతోషం అచ్చం ప్రార్థనలో వచ్చేదానిలాగే ఉంటుంది. భయం అందుకే.

బెజవాడ_కీబోర్డు:
సిస్టర్, బైబిల్లో నిర్గమకాండం 28 తీయండి. ప్రధాన యాజకుడు అహరోను అంగీ అంచు చుట్టూ నీల ధూమ్ర రక్త వర్ణాల దారంతో దానిమ్మపండ్లు, మధ్యమధ్యలో బంగారు గంటలు. ఒక గంట, ఒక దానిమ్మ, మళ్లీ గంట, మళ్లీ దానిమ్మ. మీ లెక్కలో అది హెవీ వర్కే కదా! గంటలెందుకో అక్కడే రాసుంది, ఆయన పరిశుద్ధ స్థలంలోకి వెళ్లేటప్పుడు చప్పుడు వినపడాలి. దానిమ్మలు ఎందుకో ఒక్క ముక్క రాయలేదు. తర్వాత 31లో బెసలేలు. ఆత్మతో నింపానని దేవుడే చెప్పిన ఆ మనిషి బంగారం, రాళ్లు, చెక్క మీద పనిచేసేవాడు, ప్రసంగాలు చేసేవాడు కాదు.

నేను ఆదివారం చర్చిలో వాయిస్తా, మిగతా రోజుల్లో రిసెప్షన్లలో సినిమా పాటలు వాయిస్తా. కీబోర్డు ఒకటే. దాని ఈఎంఐ కట్టేది రిసెప్షన్లే.

సింగ్‌నగర్_బ్రదర్:
కీబోర్డు బ్రదర్ 31 దగ్గర ఆపేశారు, ఒక్క పేజీ తిప్పితే 32, బంగారు దూడ. చేసిందెవరు? ఆ దానిమ్మల అంగీ ఎవరికి కుట్టమన్నారో ఆ అహరోనే. కాబట్టి చేతిలో పనితనం ఉంటే అంతా దేవుడిదే అనుకోవడం కుదరదు. సిస్టర్, నెమళ్లు కుట్టండి, మామిడిపిందెలు కుట్టండి, ఎవరూ కాదనరు. వినాయకుడి బొమ్మ మాత్రం నేనైతే మర్యాదగా వద్దంటా. అడిగినవాళ్ల నమ్మకాన్ని ఒక్క మాట కూడా అనకుండా.

ఇక శనివారం రాత్రి సంగతి. అది తలాంతుల సమస్య కాదండీ, డేట్ల సమస్య. నాలుగు జాకెట్లు పట్టే వారంలో ఏడు ఒప్పుకుంటే ఎవరికైనా చర్చిలో నిద్రే వస్తుంది.

పాత_లూథరన్:
అమ్మా, తలాంతు అంటే అసలు డబ్బు. ఒక్క తలాంతు కూలివాడి ఇరవయ్యేళ్ల సంపాదనకి దగ్గర. మత్తయి 25 నిదానంగా చదువు. పాతిపెట్టినవాడు లోకానికి వాడాడని ఎక్కడుంది? వాడు అసలు వాడనే లేదు. మిగతా ఇద్దరూ ఏంచేశారు, వ్యాపారం. అంటే బజారుకే వెళ్లారు, నువ్వు జరీ కోసం పట్నంబజారు వెళ్లినట్టు. ఇక పాతిపెట్టినవాడు యజమానికి చెప్పిన కారణం చూడు, భయపడ్డానన్నాడు.

జాషువా గారు మన గుంటూరు లూథరన్ ట్రైనింగ్ స్కూల్లో పంతులుగా చేశారు. ఊళ్లో కులం పేరు చెప్పి దూరం పెట్టారు, పురాణాల మీద పద్యాలేమిటని మన క్రైస్తవులూ వెలివేశారు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఆయన ఏ కావ్యానికి వచ్చిందో తెలుసా, క్రీస్తు చరిత్రకి. ఆ పురాణాల మీద అరగదీసిన కలమే అది. వెలివేసినవాళ్లు తర్వాత సన్మానాల్లో ముందు వరుసలో కూర్చునే ఉంటారు, మనవాళ్ల సంగతి నాకు తెలియదా.

మీ అయ్యగారిని తప్పుపట్టకు. వెళ్లి అడుగు.

నర్సాపురం_అమ్మాయి:
అక్కా, నేనిప్పుడు విజయవాడలో కుడుతున్నా. మా నర్సాపురం లేసు మిషనరీలు నేర్పిన పనే, మా అమ్మమ్మ కూడా అల్లేది. ఆ లేసు దొరల ఇళ్లలో టేబుళ్ల మీదకి వెళ్లేది, అది లోకసంబంధం కాదా మరి?

వినాయకుడిని నన్నూ అడిగారు. దేవుళ్ల బొమ్మలు కుట్టనండీ, కలువలు బాగా వేస్తానన్నా. ఆవిడ ఏమందో తెలుసా, "మా అత్తగారూ వద్దనే అంది, కుర్చీలో వెనక్కి ఆనుకుంటాం కదా, దేవుడి మీద ఆనుకుంటామా" అని. కలువలే వేయించుకుంది. అడిగి చూడు, అంత గొడవేం ఉండదు.

గుంటూరు_మగ్గం:
పాత లూథరన్ బాబాయిగారూ, ఆ "భయపడ్డాను" అన్నమాట ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చదివానో, ఒక్కసారీ ఆగలేదు.

నిన్న అయ్యగారిని అడిగా. ఆయన ఆ మాట ప్రాక్టీసుకి రాకుండా ఫోన్లు చూసుకునే కుర్రాళ్లని ఉద్దేశించి అన్నారట. నగల సంగతి ఎత్తితే మాత్రం, అలంకారం బయటి నగలు కాకూడదని ఆడవాళ్లకి చెప్పిన పేతురు పత్రిక చదవమన్నారు, అది నాకింకా తేలలేదు, దాన్ని అలాగే ఉంచా. శనివారం సాయంత్రం ఆరింటికి ఫ్రేమ్ మీద గుడ్డ కప్పేస్తానని కస్టమర్లకి మెసేజ్ పెట్టా, అప్పుడే ఒకావిడ అలిగింది.

ఒక పని మాత్రం మొదలుపెట్టా. ట్రేసింగ్ పేపర్ మీద దానిమ్మ, గంట, దానిమ్మ, గంట అని అంచు గీశా. కింద దారం ఎత్తుగా నింపే లోడింగ్‌తో దానిమ్మ బాగా ఉబ్బుతుంది. గంట నాలుకకి ఒక షుగర్ బీడ్, అదే సన్న గాజుపూస, వేలాడదీయాలని ఉంది, డ్రైవాష్‌కి నిలుస్తుందా, దారం తెగుతుందా? ఎవరైనా వేసి చూశారా?