సీఆర్‌పీ నార్మల్ వస్తే పొట్టలో నీరు పరీక్షించక్కర్లేదా?

గాజువాక_కొడుకు:
మా నాన్నకి నాలుగేళ్లుగా సిర్రోసిస్, అంటే లివర్ గట్టిపడి పాడైపోయే జబ్బు. పొట్టలో నీరు మందులతో కొంత అదుపులోనే ఉండేది. కిందటి నెల ఒక పొద్దున చొక్కా గుండీలు ఒకటి వదిలేసి ఒకటి పెట్టుకుంటున్నారు, నేను విప్పి సరిచేస్తే మళ్లీ అలాగే పెట్టుకున్నారు, కాసేపటికి టీవీ రిమోట్ చెవి దగ్గర పెట్టుకుని హలో హలో అంటున్నారు. జ్వరం లేదు, పొట్టనొప్పి లేదు. ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తం తీశారు. సీఆర్‌పీ (ఒంట్లో ఇన్ఫెక్షన్ లాంటిది ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్) 8, తెల్లకణాలు 5,200, రెండూ నార్మలే అన్నారు. ఇన్ఫెక్షన్ లేదు, విరేచనం సరిగా కాకే ఇలా అని లాక్టులోజ్ పెంచి ఇంటికి పంపేశారు. రెండో రోజుకి మూత్రం సగం కూడా రాలేదు. వేరే చోటికి పరిగెత్తాం. అక్కడి డాక్టరమ్మ ముందు చేసిన పని పొట్టలోంచి ఒక సిరంజి నీరు తీయించడం. అందులో న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) 1,100, అంటే ఆ నీటిలోనే ఇన్ఫెక్షన్! కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అప్పటికే పెరిగి 2.1. పదకొండు రోజులకి ఇంటికొచ్చాం. సీఆర్‌పీ నార్మల్ అని ఆ నీటి పరీక్ష ఆపడం సరైనదేనా? నాకైతే కాదనిపిస్తోంది, తెలిసినవాళ్లు చెప్పండి.

ఎంవీపీ_పెద్దాయన:
బాబూ, నీ బాధ అర్థమైంది. కానీ ప్రతిసారీ సూది గుచ్చాలంటే ఎలా? మా తమ్ముడికి ఆరుసార్లు తీయించాం. ఒకసారి తీసిన చోట రెండు రోజులు కారుతూనే ఉంది, పంచెలు మార్చలేక చచ్చాం, ఇంకోసారి ఐదు లీటర్లు తీశాక బీపీ పడిపోయింది. వాడికి ప్లేట్‌లెట్లు 48 వేలు. ముందు రక్తంలో చూసి, అనుమానం ఉంటేనే సూది పెట్టాలని నా మాట.

పీజీ_మెడిసిన్:
అంకుల్, మీరు చెప్పేది ఆయాసం తగ్గడానికి లీటర్లకు లీటర్లు తీసే ట్యాపింగ్. ఇక్కడ అడుగుతున్నది పరీక్ష కోసం తీసే 30, 40 మిల్లీలీటర్ల నీరు. రెండింటికీ పేరు ఒకటే కావడంతో సగం కుటుంబాలు ఇక్కడే భయపడి వద్దంటాయి, మేం కూడా విడమరిచి చెప్పం, అది మా తప్పే. ప్లేట్‌లెట్లు తక్కువున్నా, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసే పరీక్ష) ఎక్కువున్నా ఈ చిన్న పరీక్షకి పెద్ద రక్తస్రావం అరుదు, ముందుగా ప్లాస్మా ఎక్కించాల్సిన అవసరం కూడా మామూలుగా ఉండదు.

ఇక సీఆర్‌పీ. దాన్ని తయారుచేసేదే లివర్. ఒంట్లో ఎక్కడ మంట పుట్టినా కబురు లివర్‌కి వెళ్తుంది, లివర్ సీఆర్‌పీని రక్తంలోకి వదులుతుంది. ఆ లివరే బాగా పాడైతే పెరగాల్సినంత పెరగదు. తెల్లకణాలూ అంతే, ఉబ్బిన ప్లీహం వాటిని పట్టేసుకుంటుంది కాబట్టి ఇలాంటి పేషెంట్లకి ముందునుంచే తక్కువ, 5,200 అంటే ఆయనకి అది పెరిగిన అంకె కూడా కావచ్చు. సీఆర్‌పీ ఎక్కువొచ్చినా ఇన్ఫెక్షన్ పొట్టలోనే ఉందని చెప్పలేం, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కీ, న్యుమోనియాకీ పెరుగుతుంది. నీటిలో న్యూట్రోఫిల్స్ ఘన మిల్లీమీటరుకు 250 లేదా ఆపైన ఉంటేనే పొట్ట నీటిలో ఇన్ఫెక్షన్ ఉందని తేలినట్టు. అందుకే 2018 యూరప్ మార్గదర్శకాలూ, 2021 అమెరికా మార్గదర్శకాలూ పొట్టలో నీరున్న సిర్రోసిస్ పేషెంటు అత్యవసరంగా అడ్మిట్ అయితే లక్షణాలు లేకపోయినా నీరు పరీక్షించమంటాయి. 2014లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో, ఈ ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లలో, ఆసుపత్రికి వచ్చిన 12 గంటలు దాటాక నీరు తీసినవాళ్లకి మరణాలు రెండున్నర రెట్లకు పైగా ఎక్కువ. జ్వరం లేకుండా మాట తికమకపడటం ఒక్కటి చాలు, సూది పెట్టడానికి. ఈ విషయంలో నేను వెనక్కి తగ్గను.

పాడేరు_సిస్టర్:
చదువుతుంటే గుండె దడగా ఉంది. మా దగ్గర సీఆర్‌పీ స్లైడ్ టెస్ట్ ఒక్కటే ఉంది. పాజిటివ్ వస్తే 108లో ఘాట్ దించి విశాఖ పంపుతాం, నెగెటివ్ వస్తే రేపు చూద్దాం అని ఉంచేస్తాం. మరి ప్రొకాల్సిటోనిన్ అనే ఇంకో రక్త పరీక్ష నయమంటారు కదా, అదైనా తెప్పించుకుంటే?

పీజీ_మెడిసిన్:
సిస్టర్, అది సీఆర్‌పీ కంటే నయమే, లివర్ ఒక్కటే కాదు, చాలా కణజాలాలు తయారుచేస్తాయి. కానీ కిడ్నీ దెబ్బతిన్నా పెరుగుతుంది, తక్కువుందని నిశ్చింతగా ఉండలేం. మీ దగ్గర ఎక్కువొస్తే పంపడానికి కారణం దొరికినట్టే. తక్కువొస్తే ఉంచేయడానికి మాత్రం అది కారణం కాదు. తికమక, మూత్రం తగ్గడం, రక్తవాంతి, వీటిలో ఏది కనిపించినా స్లైడ్ చూడకుండానే పంపేయండి.

ఎంవీపీ_పెద్దాయన:
చిన్న సిరంజి అయితే నాకు అభ్యంతరం లేదమ్మా, ఆ తేడా ఆరుసార్లలో ఒక్కరూ మాకు చెప్పలేదు. కానీ మందులు మొదలెట్టాక తగ్గుతోందా లేదా చూడటానికి మళ్లీ సూది ఎందుకు? అక్కడైనా సీఆర్‌పీ సరిపోదా?

పీజీ_మెడిసిన్:
అక్కడ పనికొస్తుంది అంకుల్, 60 ఉన్నది 20కి దిగితే మాకూ ధైర్యం. అయినా రెండు రోజులకి మనిషి కోలుకోకపోతే మళ్లీ తీయాల్సిందే, న్యూట్రోఫిల్స్ కనీసం పావువంతు కూడా తగ్గకపోతే యాంటీబయాటిక్ మార్చాలి. ఇంకోటి, ఆల్బుమిన్ (నరంలోకి ఎక్కించే ప్రొటీన్) ఖరీదని వద్దనకండి. 1999లో స్పెయిన్‌లో చూస్తే ఒక్క యాంటీబయాటిక్ ఇచ్చినవాళ్లలో 33 శాతానికి కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఆల్బుమిన్ కూడా ఇచ్చినవాళ్లలో 10 శాతానికే.

ల్యాబ్_అక్క:
నీరు తీసినా పాడుచేసే దారులున్నాయి, అవి నేను రోజూ చూస్తున్నా. ఉత్త సిరంజిలోనే పంపేస్తారు, కొన్నిసార్లు అందులో గడ్డ కడుతుంది, ఇక కౌంట్‌ని నమ్మలేం. ఊదా మూత ట్యూబులో పంపాలి. కల్చర్‌కి (క్రిమిని పెంచి చూసే పరీక్షకి) మంచం పక్కనే బ్లడ్ కల్చర్ సీసాలో పోయాలి, ల్యాబ్‌కి తెచ్చాక పోస్తే చాలాసార్లు క్రిమి పెరగదు. కల్చర్‌లో ఏమీ పెరగలేదని ఇన్ఫెక్షన్ లేదనుకోవద్దు, కౌంట్‌దే మాట.

గాజువాక_కొడుకు:
అక్కా, గురువారం నాన్నకి నాలుగు లీటర్లు తీస్తామన్నారు. బాగానే తిరుగుతున్నారు. అప్పుడు కూడా కౌంట్ పంపమని అడగొచ్చా?

ల్యాబ్_అక్క:
అడుగు తమ్ముడూ, ఎలాగూ తీసే నీరే కదా. ట్యూబు మీద పేరు రాశారో లేదో చూసి, నువ్వే చేత్తో పట్టుకెళ్లి గంటలోపు ల్యాబ్‌లో ఇచ్చేయ్.